ముప్ఫై ఏడు మాటలు, పద్నాలుగు చెట్లు

ఉత్తర్వు వచ్చేదాకా మాకు తెలియదు, ఇన్ని తరాలుగా మేము అర్థం తెలియకుండా తాడిచెట్లు ఎక్కుతున్నామని.

నేను మా ఊరి గీత కార్మికుల సంఘానికి కార్యదర్శిని. సంఘంలో పదకొండు మంది చెట్టెక్కుతారు. నేను ఎక్కను. పదేళ్ళ కింద పడ్డాను, తుంటి విరిగింది. అప్పటినుంచి చెట్లు వాళ్ళవి, కాగితాలు నావి. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువుతో అర్జీ రాయగలను. వచ్చిన జవాబు అర్థం చేసుకోవడానికి ఆ చదువు చాలదు. ఏ చదువూ చాలదని తరువాత తెలిసింది.

పోయినేడు జిల్లాలో ముగ్గురు చెట్ల మీదినుంచి పడి చచ్చిపోయారు. ప్రభుత్వం చలించింది. చలించినప్పుడల్లా అది ఒక మండలిని పెడుతుంది. ఈసారి పెట్టినదాని పేరు వృక్షారోహక భద్రతా మండలి. మండలి టెండరు పిలిచింది. టర్కీ దేశంలో కొండలెక్కేవాళ్ళకు పట్టీలు, కోట్లు, గుడారాలు తయారుచేసే ఒక కంపెనీకి అది దక్కింది. నడుముకు ఒక బెల్టు, చెట్టుకు చుట్టడానికి ఒక పట్టీ, రెండింటినీ కలిపే బకిళ్ళు, కొక్కేలు. ఇవన్నీ సర్దిన పెట్టెలు పదకొండు మా సంఘం పేరు మీద వచ్చాయి. ప్రతి పెట్టె పైన కట్టి ఒక చిన్న పుస్తకం. ఎడమవైపు ఇంగ్లీషు మాట. కుడివైపు దాని అర్థం, టర్కీ భాషలో. మొత్తం ముప్ఫై ఏడు మాటలు. వెనక అట్ట మీద ఒక వాక్యం: ఇందులోని మాటల అర్థం తెలుసుకున్న తరువాతే వస్తువును వాడాలి.

ఆ వాక్యం మండలి న్యాయ సలహాదారు కంట పడింది.

ఉత్తర్వు ఇలా ఉంది: "సదరు పరికరముల వినియోగమునకు పూర్వము ప్రతి ఆరోహకుడును బంధన సాధనముల ఆంగ్ల నామములను, వాటి టర్కీ అర్థములను కంఠస్థము గావించి మౌఖిక పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను. అనుత్తీర్ణులు ఏ సాధనముతోనైనను వృక్షము నధిరోహించుట నిషిద్ధము; అధిరోహించినచో గీత లైసెన్సు రద్దగును."

సోమవారం పొద్దున మండలి డైరెక్టర్ పరాంకుశరావు గారు స్వయంగా వచ్చారు. తెల్లటి సఫారీ, కొంచెం పొట్ట. పంచాయతీ ఆఫీసు అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు.

"సోదరులారా, పదార్థజ్ఞానం లేకుండా ఒక వ్యక్తి చెట్టు మీదినుంచి పడితే అది మండలి నిర్లక్ష్యం అవుతుంది. సంపూర్ణ పదార్థజ్ఞానంతో పడితే అది ఆ వ్యక్తి స్వేచ్ఛ అవుతుంది. మీకు ఆ స్వేచ్ఛను ప్రసాదించాలన్నదే మా సంకల్పం."

వెనక వరసలో ఉప్పలయ్య లేచాడు. మా అక్క కొడుకు. నలభై రెండేళ్ళు. మా పదకొండు మందిలో అంత సులువుగా చెట్టెక్కేవాడు లేడు. బడికి పోయింది మాత్రం రెండు రోజులు, అందులో ఒకటి ఆగస్టు పదిహేను.

"సారూ, నాకు పద్నాలుగు చెట్లున్నయి. అన్నీ పారకమీదున్నయి. పరీచ్చ ఎండకాలం పోయినంక పెట్టుకుంటే గాదా?"

"పారకం అంటే?"

నేను చెప్పాను. తాడిచెట్టు గెలను రోజూ పొద్దునా సాయంత్రం కొసన సన్నగా చెక్కాలి. చెక్కితేనే కల్లు కారుతుంది. ఒక పూట తప్పితే సన్నగిల్లుతుంది. నాలుగు రోజులు తప్పితే గెల ఎండడం మొదలవుతుంది. ఎండితే ఆ చెట్టు మళ్ళీ ఏడాదికే. ఈ మూడు నెలలు గీసిందే ఉప్పలయ్య ఏడాదంతా తినేది.

డైరెక్టర్ గారు శ్రద్ధగా విన్నారు. నోట్‌బుక్‌లో రాసుకున్నారు. "చెట్లకు కూడా ఈ విషయమై అవగాహన అవసరం" అన్నారు. నవ్వుతారేమోనని చూశాం. నవ్వలేదు.

వెళ్ళేముందు, ఆయన వెంట వచ్చిన మండలి ఇన్‌స్పెక్టర్ దయాకర్ మా మోకులు అడిగాడు. మోకు అంటే చెట్టుకూ నడుముకూ చుట్టి ఎక్కే తాడు. మావాళ్ళు తాళ్ళన్నీ తెచ్చి ముందు పెట్టారు. ఆయన ముప్ఫై ఏడు మాటల పట్టిక తీసి వేలుపెట్టి చూశాడు.

"ఇది పట్టికలో ఏది?"

"మోకు సారూ."

"మోకు అనే పదం ఇందులో లేదు."

"మా తాతల కాడికెల్లి గిదే గద సారూ."

"మీ తాతలు కూడా ఇందులో లేరు."

పంచనామా రాశాడు. 'పేరు లేని తాళ్ళు, పదకొండు.' మూట కట్టి లక్క ముద్ర వేసి జీపులో పడేశాడు. వచ్చిన కొత్త బెల్టుల పెట్టెలకు అప్పటికే లక్క ముద్ర ఉంది. పాసైతేనే తెరుస్తారు. ఆ విధంగా మా ఊరు పూర్తిగా భద్రమైంది. పాత తాడుతో ఎవడూ పడడు, కొత్త పట్టీతో ఎవడూ పడడు.

మంగళ, బుధవారాలు శిక్షణ. పట్నం నుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. మెడలో టై, చేతిలో మైకు. పదకొండు మందికి మైకు ఎందుకని నేను అడగలేదు. గోడ మీద గుడ్డ కట్టి బొమ్మలేశాడు. బొమ్మల్లో వస్తువులు లేవు, మాటలే ఉన్నాయి.

"బకిల్ అంటే టోకా. అందరూ అనండి. బకిల్ అంటే టోకా. స్ట్రాప్ అంటే కయిష్. హుక్ అంటే కంజా. బెల్ట్ అంటే కెమెర్. రివెట్ అంటే పెర్చిన్."

మావాళ్ళు అన్నారు. పొద్దునే చెట్ల మీద ఉండాల్సినవాళ్ళు బల్లల మీద కూర్చుని కెమెర్, పెర్చిన్ అన్నారు.

ఉప్పలయ్య చెయ్యెత్తాడు. "సారూ, టోకా అంటే ఏంది?"

"బకిల్."

"బకిల్ అంటే?"

"టోకా. ఇందులో మీకు సందేహం ఎక్కడుంది?"

"అది నడుముకు ఎట్ల పెట్టుకోవాలె, ఎట్ల ఇప్పుకోవాలె, అది జెప్తలేరు."

శిక్షకుడు జాలిగా చూశాడు. "అది ప్రాక్టికల్. ప్రాక్టికల్ మన సిలబస్‌లో లేదండీ."

కంపెనీ కోట్లు కూడా అమ్ముతుంది కాబట్టి జిప్పులూ గుండీలూ కూడా పట్టికలో ఉన్నాయి. జిప్ అంటే ఫెర్ముఆర్. చిటుక్కున నొక్కే గుండీ అంటే చిట్‌చిట్. ఇది విని మావాళ్ళు కొంచెం సంతోషించారు, ఆ ఒక్కటీ చెవికి తెలిసిన మాటలా ఉందని. ఫెర్ముఆర్ దగ్గర మాత్రం సోమనర్సయ్య అనే ముసలాయన లేచి నిలబడ్డాడు. అరవై ఏళ్ళు గోచీ మీద చెట్టెక్కినవాడు.

"గోచికి ఫెర్ముఆర్ యాడుంటది బిడ్డా? చూపెట్టు."

శిక్షకుడు మైకు ఆపేశాడు.

ఇంట్లో ఉప్పలయ్య చదువు ఇంకో రకంగా సాగింది. నేను బుధవారం సాయంత్రం వెళ్ళాను, పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకుందామని. అతని భార్య ముత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఉంది. ఆమెకు చదువు రాదు. రెండు రోజులు వాడు వల్లె వేస్తుంటే చెవిన పడి ముప్ఫై ఏడూ వచ్చేశాయి.

"పిన్నీసు?" అంది, గాజుకు వేలాడే పిన్నీసు చూపించి.

ఉప్పలయ్య కప్పు వైపు చూశాడు.

"చెంగెల్లి ఇయ్‌నె" అంది ముత్తమ్మ. "పొద్దుగాల నుంచి ఇరవైసార్లు జెప్పిన. నీ తలకాయల ఏమున్నదయ్యా?"

"తాడిచెట్లున్నయే. పద్నాలుగు. ఒక్కొక్కటి ఎండుతున్నట్టు కండ్లకు గనవడుతున్నది. గీ చెంగెల్లి యాడ వట్టాలె?"

ఆమె చాట కింద పెట్టింది. నేను పుస్తకం మూసేశాను.

"మామా, నీకొచ్చినయా?" అన్నాడు.

వచ్చాయి. మా ఊరి బడిలో చదువంటే అదే. అర్థం అడగకుండా అప్పజెప్పడం. పైగా నా భార్య పోయి ఆరేళ్ళు. ఇంట్లో నా మాట వినేది గోడ ఒక్కటే. ఆ గోడకు ముప్ఫై ఏడూ ఒప్పజెప్పాను. తప్పులు దిద్దలేదు కాబట్టి సరిగ్గానే చెప్పి ఉంటాను.

గురువారం పరీక్ష. డైరెక్టర్ గారు కుర్చీలో, దయాకర్ పక్కన, మధ్యలో బల్ల మీద గాజుపెట్టె. పెట్టెలో మండలి నమూనా బెల్టు. మొదటిసారి ఆ వస్తువును కళ్ళతో చూశాం.

ముందు నన్ను పిలిచారు. నేను చెట్టెక్కను అని చెప్పాను. "సంఘ సభ్యుడివే కదా, నిబంధన అందరికీ సమానం" అన్నారు. ముప్ఫై ఏడు అడిగారు. ముప్ఫై ఏడు చెప్పాను. "ఆదర్శ ఆరోహకుడు!" అని డైరెక్టర్ గారు లేచి చేయి కలిపారు. నా కర్ర కింద పడింది. దయాకర్ తీసిచ్చాడు.

తరువాత మావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు, ఒక్కొక్కరే వచ్చారు. సోమనర్సయ్య నాలుగు చెప్పాడు. ఇంకొకడు భయపడి పేరడిగితే కయిష్ అన్నాడు.

ఉప్పలయ్య వంతు వచ్చింది.

"బకిల్?"

ఉప్పలయ్య గాజుపెట్టె వైపు చూస్తున్నాడు. "సారూ, ఒక్కసారి చేతికియ్యుండ్రి. జెప్త."

ఏమనుకున్నారో డైరెక్టర్ గారు పెట్టె తెరిపించారు. ఉప్పలయ్య బెల్టు అందుకుని రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. నడుముకు పెట్టుకున్నాడు. లాగాడు. వదిలాడు. బొటనవేలితో ఎక్కడో నొక్కాడు, అది జారి చేతిలో పడింది. గుక్కెడు నీళ్ళు తాగేంతసేపు పట్టలేదు.

"దీని పండ్లు కిందికున్నయి సారూ. బరువు పడితే బిగుస్తది. బరువు లేపి నొక్కితెనే ఇడుస్తది. లేపకుంటె ఏం జేసినా ఇడువది. మంచిదే ఇది. ఇయ్యుండ్రి, ఇప్పుడే చెట్టెక్కుత."

"పేరు?"

"ఉప్పలయ్య."

"నీ పేరు కాదు. దాని పేరు, అర్థంతో సహా."

ఉప్పలయ్య ముందుకు చేతులు చాపాడు, ఇవి చూడండి అన్నట్టు.

"చేతులు సమాధానం కావు" అన్నారు డైరెక్టర్ గారు. దయాకర్‌తో రాయించారు: "అభ్యర్థి వద్ద పరికరమునకు సంబంధించి అనధికారిక అవగాహన కలదు. ఇది ప్రమాదకరము."

ఫలితాలు అదే రోజు గోడకెక్కాయి. చెట్టెక్కే పదకొండు మంది తప్పారు. నేను పాసయ్యాను. మండలి నుంచి డైరెక్టర్, ఇన్‌స్పెక్టర్, డ్రైవరు, శిక్షకుడు కూడా పరీక్షకు కూర్చున్నారట, నలుగురికీ ప్రథమ శ్రేణి. మళ్ళీ పరీక్ష ఆషాఢంలో అన్నారు. ఆషాఢానికి కల్లు ఉండదని నేను అన్నాను. "అయితే ఒత్తిడి లేకుండా చదువుకుంటారు" అన్నారు.

ఆ సాయంత్రం ఉప్పలయ్య చెట్ల కింద తిరుగుతూ కనిపించాడు. ఒక్కో చెట్టుకు చెంప ఆనించి పైకి చూస్తున్నాడు. కింద నుంచి గెల ఎండిందో బతికిందో తెలియదు. పైకి పోతేనే తెలుస్తుంది.

శనివారం సభ. నూటికి నూరు శాతం మార్కులు వచ్చిన గ్రామం అని మా ఊరిని ఎంచుకున్నారు. నూటికి నూరు నావి. సభ పేరు బంధన విజ్ఞానోత్సవం. షామియానా వేయడానికి నీడ కోసం ఉప్పలయ్య చెట్ల కిందే చోటు చూశారు. పక్కన ఒక బల్ల మీద మా మోకుల్లో ఒకటి పెట్టి చీటీ అంటించారు: 'అంధయుగపు సాధనం.' పాస్ కాని పదకొండు మందినీ ముందు వరసలో కూర్చోబెట్టారు, స్ఫూర్తి పొందడానికి.

డైరెక్టర్ గారు ముప్పావు గంట మాట్లాడారు. చివర్లో ఉద్రేకం వచ్చింది.

"ఈ పరికరం ఎంత సురక్షితమో నేను మాటల్లో చెప్పను. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడనైన నేనే స్వయంగా ప్రదర్శిస్తాను!"

షామియానా వాళ్ళ వెదురు నిచ్చెన తెచ్చి చెట్టుకు వేశారు. దయాకర్, డ్రైవరు వెనక నుంచి తోశారు. రెండు నిలువుల ఎత్తున డైరెక్టర్ గారు నిచ్చెన మీద నిలబడి బెల్టు పెట్టుకుని, పట్టీ చెట్టుకు చుట్టి, బకిల్ బిగించారు. ప్రతిదానికీ ముందు దాని పేరు, అర్థం మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫరు, నిచ్చెన కనిపిస్తే ఫోటో బాగుండదన్నాడు.

నిచ్చెన తీశారు. అది రాతి మీద పడి నడిమికి విరిగింది.

డైరెక్టర్ గారు వేలాడారు. బరువు పడింది, బకిల్ బిగిసింది. మొదట నవ్వారు. ఫోటో తీశారు. తరువాత చేయి వెనక్కి పెట్టి నొక్కారు. అది వదల్లేదు. తన బరువు తాను లేపుకోలేరు కదా. బెల్టు చంకల్లోకి జరిగింది. ముఖం ఎర్రబడింది.

"దయాకర్!"

"సర్."

"ఇది తెరుచుకోవడం లేదు."

"సర్, అది టోకా సర్."

"టోకా అని నాకు తెలుసయ్యా!"

శిక్షకుడు పరిగెత్తుకొచ్చి పుస్తకం తెరిచి కింద నుంచి ముప్ఫై ఏడు మాటలూ వరసగా చదివాడు, ఏదైనా పనికొస్తుందేమోనని. ఇంకో నిచ్చెన మండల కేంద్రంలో ఉంది, పద్నాలుగు కిలోమీటర్లు. డ్రైవరు జీపు తీసుకుని పోయాడు. దయాకర్ చెట్టును కౌగిలించుకుని రెండు జానలు ఎక్కి జారిపోయాడు. ప్యాంటు ఫెర్ముఆర్ చిరిగింది.

అప్పుడు అందరూ ముందు వరస వైపు చూశారు. పదకొండు మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఉప్పలయ్యా!" పైనుంచి డైరెక్టర్ గారు. "ఎక్కు నాయనా!"

ఉప్పలయ్య లేచి నిలబడ్డాడు, బడిపిల్లవాడిలా. "ఫెయిలైన సారూ."

"పర్వాలేదు, ఎక్కు!"

"ఎక్కితె లైసెన్సు వోతది సారూ. మీరే జెప్పిండ్రు. మామ పాసయిండు గద, మామను ఎక్కమనుండ్రి."

నేను కర్ర చూపించాను.

"నేను అనుమతిస్తున్నాను! నోటిమాటగా అనుమతిస్తున్నాను!"

"నోటిమాట ఎందుకు సార్" అన్నాను నేను. "కాగితం మీద ఇవ్వండి. మౌఖికమంటే మా ఊళ్ళో మొన్ననే అందరూ తప్పారు."

బల్ల దగ్గర కూర్చుని రాశాను. తొందరపడలేదు. పైన మూలుగు వినిపిస్తూ ఉంది. పదేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను, ఏ మాట ఎక్కడ పడాలో తెలుసు. 'బుర్ర ఉప్పలయ్యను, సంఘ సభ్యులు మిగతా పదిమందిని, తమ తమ పాత మోకులతో, ఏ చెట్టునైనా, ఏ రోజైనా, ఏ పరీక్షా లేకుండా ఎక్కుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. స్వాధీనపరచుకొన్న మోకులన్నీ వెంటనే తిరిగి ఇవ్వవలెను.' కాగితాన్ని, కలాన్ని అట్టకు కట్టి మామిడికాయలు కోసే దోటికి తగిలించి పైకి అందించాను.

"ఏం రాశావు?"

"చదువుకోండి సార్. అర్థం తెలుసుకున్న తరువాతే సంతకం పెట్టండి."

ఆయన చదవలేదు. సంతకం పెట్టారు. దయాకర్‌తో మండలి ముద్ర వేయించాను. కాగితం జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాను.

ఉప్పలయ్య మొలలో గీత కత్తి సర్దుకుని, బల్ల మీది మోకు తీసుకున్నాడు. చీటీ పీకి పడేశాడు. మోకు చెట్టుకు వేసి, పాదాలు ఆనించి, ఊపిరి తీసుకున్నంత సులువుగా పైకి పోయాడు. డైరెక్టర్ గారి దగ్గరికి చేరాడు. ఆగలేదు.

"సారూ, జర తలకాయ పక్కకు."

ఆయన తల వంచారు. ఉప్పలయ్య చెట్టు అవతలివైపుకు తిరిగి, మోకును ఆయన తల మీదుగా దాటించి పైకి పోయాడు.

"ఉప్పలయ్యా! ఎక్కడికి? ముందు నన్ను!"

"చెట్టు ముందుగాల సారూ. ఆరు రోజులాయె దీన్ని సూడక. మీరు జరసేపు ఆగితె ఎండిపోరు."

మట్టల్లోకి మాయమయ్యాడు. కింద వందమంది తలలెత్తి చూస్తున్నారు. ముత్తమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. కత్తి చప్పుడు వినిపించింది, గెల చెక్కుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ వినిపించింది. పేళ్ళు రాలి డైరెక్టర్ గారి సఫారీ మీద పడ్డాయి.

"ఏమాయె?" అని అరిచింది ముత్తమ్మ.

ఇంకో పేడు రాలి పడింది.

"తడి ఉన్నదే!" అన్నాడు పైనుంచి.

తరువాత దిగి వచ్చాడు. డైరెక్టర్ గారి తొడల కింద భుజం పెట్టి ఒక్క ఊపున లేపి, బొటనవేలితో నొక్కాడు. ఆయన జారి పదిమంది చేతుల్లో పడ్డారు. నిలబడగానే అడిగిన మొదటి మాట: "ఆ కాగితం ఏదీ?"

ఉప్పలయ్య అప్పటికి రెండో చెట్టు సగంలో ఉన్నాడు. జీపులో మిగతా మోకులున్నాయని, డ్రైవరుతో పాటు అవి మండల కేంద్రానికి వెళ్ళాయని తెలిసి, మావాళ్ళు ఒకే మోకును వంతులు వేసుకున్నారు. జీపు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

ఉప్పలయ్య పద్నాలుగు చెట్లూ చూశాడు. అయిదు బతికాయి. తొమ్మిది ఎండాయి.

వారం తిరిగేలోగా నాకు మెమో వచ్చింది. సదరు అనుమతి పత్రం అసలు ప్రతిని పంపాలని, ఏ పరిస్థితుల్లో దాన్ని రాశానో సంజాయిషీ ఇవ్వాలని. అసలు ప్రతి పంపలేదు. సంజాయిషీ పంపాను. పైన మెమో నంబరు వేశాను. కింద ఎండిన చెట్ల పేర్లు రాశాను, మా ఊళ్ళో పిలిచే పేర్లే. గుండుకాడిది. వంకర మెడది. కవలల్లో పెద్దది. కవలల్లో చిన్నది. పిడుగు పడ్డది. కాలువొడ్డుది. గూళ్ళది. పొట్టిది. ముత్తమ్మ కాపురానికొచ్చిన ఏడు మొదటిసారి పారినది.

సంతకం పెట్టి పోస్టులో వేశాను.